బొమ్మ తేటగా వచ్చిన రోజు

12 జూన్ 2000

ఈవేళ కూడా బొమ్మ ఆగింది. వీడియో నడుస్తుండగా అదే మెషీన్ మీద ఇంకో ప్రోగ్రామ్ పెడితే చాలు, తెర మీద మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. ఎంత పని పడ్డా వీడియోకి అందవలసిన సమయం అందేలా ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చాలి. అదే నా పీహెచ్‌డీ. మూడేళ్లుగా అదే.

నా తోటి స్కాలర్ సత్యదేవ్ ల్యాబ్ వదిలేసి మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరిపోయాడు. ఇక స్కాలర్ అంటూ మిగిలింది నేనే.

20 జూన్

గైడ్ రామభద్రరావు గారు ఈ వారం కూడా నా చాప్టర్ చదవలేదు.

2 జూలై

టెస్టింగ్‌కి అన్నయ్యను తీసుకెళ్లాను. చిలకలగూడ నుంచి బస్సులో ఇద్దరం నిలబడే వెళ్లాం. పైడిబాబు అన్నయ్యకి తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. కార్ఖానా ఏరియాలో ఒక బిల్డర్ దగ్గర ప్లాన్లు గీస్తాడు. అందరూ ఫోన్లు పట్టుకు తిరుగుతుంటే అన్నయ్యకి మాత్రం మనిషి ఎదురుగా ఉంటేనే మాట. దూరాన ఉన్నవాళ్ల పెదాలూ అన్నయ్యకి తెర మీద కనపడాలనే ఈ పని మొదలుపెట్టాను. గైడ్‌కి ఎప్పుడూ చెప్పలేదు.

ల్యాబ్‌లో అన్నయ్య కాసేపు స్క్రీన్ చూసి, "ఈయన మాట్లాడతన్నాడా, ఆవలిస్తన్నాడా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

29 జూలై

వచ్చింది. ఏ ప్రోగ్రామ్‌కి ఎంత సమయమో పంచే షెడ్యూలర్‌లో తప్పు దొరికింది. బొమ్మ ఆగలేదు!

పైగదిలో సార్ టేబుల్ మీద కెమెరా, కింద ల్యాబ్‌లో స్క్రీన్. సౌండ్ కావాలనే తీసేశాను. సార్ పేపర్ చూసి చదువుతుంటే అన్నయ్య ఇక్కడ ఒక్క మాట పోకుండా అప్పజెప్పాడు. మెషీన్ మీద ఎంత లోడ్ పడేసినా పెదాలు చెదరలేదు.

చదవడం అయిపోయాక సార్ కెమెరా సంగతి మరిచిపోయి ఫోన్ ఎత్తారు. నేను రీడింగులు రాసుకుంటున్నాను. అన్నయ్య చూస్తూనే ఉన్నాడు. చాలాసేపటికి నా వైపు తిరిగి, "మీ సార్ ఉద్యోగం మానేస్తన్నారు కదే, నీకు తెల్దా?" అన్నాడు.

నాకు తెలియదు.

31 జూలై

అటెండర్ తుకారాంని అడిగాను. "నీకు ఎర్కలేదా అమ్మా? సార్ రాజీనామా ఇచ్చి శాన దినాలాయె. ఏదో కంపెనీల పెద్ద పోస్టంట. నువ్వు పరేషాన్ గాకు, జెర చాయ్ తాగు" అన్నాడు.

తాగాను.

6 ఆగస్టు

అన్నయ్య వారం నుంచి నా మొహం చూడటం లేదు. నిలదీస్తే చెప్పాడు. ఫోన్లో సార్ ఇంకో మాట కూడా అన్నారట. "ఆ అమ్మాయి చేసేది పనికిరాదు, చెప్పడానికి నోరు రాక ఊరుకున్నాను" అని.

పెదాల మీద ప, మ ఒకేలా ఉంటాయి. థీసిస్‌లో దాని మీద ఒక సెక్షనే రాశాను. "పనికిరాదు" కాదు, "మనకి రాదు" అని ఉంటారన్నాను. గ్రాంటు గురించో, ఇంకో దాని గురించో. అన్నయ్య తలూపాడు. నా కోసమే ఊపాడు. కాసేపటికి ఉండబట్టలేక, "బొమ్మ తేటగానే వొచ్చిందే, కనకం" అన్నాడు.

ఆ ఒక్క నిమిషం ఫ్రేమ్‌లు పోయి ఉంటే.

7 ఆగస్టు

ల్యాబ్‌కి వెళ్లలేదు.

11 ఆగస్టు, శుక్రవారం

సార్‌కి వీడ్కోలు టీ. మిక్చర్, పైనాపిల్ కేక్, ఉపన్యాసాలు. అందరూ వెళ్లాక అడిగేశాను. అలా అన్నారా అని. ఎలా తెలిసిందన్నారు. చెప్పాను. సార్ మొహం తెల్లబోయింది. ఆ వెంటనే, "అంత క్లియర్‌గా వచ్చిందా? అప్పుడు లోడ్ ఎంత ఉంది?" అన్నారు.

బోర్డు మీద మొత్తం గీసి చూపించాను. మూడేళ్లలో సార్ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. మధ్యలో చాక్‌పీస్ నా చేతిలోంచి తీసుకుని ఒక లైను తనే దిద్దారు. "పొరపాటు పడ్డానమ్మా. ఇది మంచి పని" అన్నారు.

అయితే ఉండిపోతారా అని అడిగాను. ఎందుకడిగానో.

సార్ చాక్‌పీస్ కింద పెట్టి చేతులు దులుపుకున్నారు. సోమవారం చేరాలన్నారు. ఇది చదివి బాగుందో లేదో చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఎవరూ మిగల్లేదు, కావాలంటే తన కంపెనీకి వచ్చేయమన్నారు. అక్కడ చేసేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్.

22 ఆగస్టు

సార్ ప్రాజెక్టు మూతపడింది. మెషీన్లు స్టోర్స్‌కి పోయాయి. వైర్లు పీకుతూ తుకారాం నా వైపు చూడలేదు. హెడ్ గారు డేటాబేస్‌లకి మారమన్నారు. మార్కెట్ ఉందట. మళ్లీ మొదటి సంవత్సరం నుంచి. "సరే సార్" అన్నాను.

ఇంటికి రాగానే అన్నయ్య, మళ్లీ టెస్టింగ్ ఎప్పుడని అడిగాడు. పెదాలు కనపడకుండా గోడవైపు తిరిగి చెప్పాను.

3 సెప్టెంబర్

గోడవైపు తిరిగి కూర్చుని ఉంటే అన్నయ్య నా వెనక నిలబడి చాలాసేపు పిలిచాడట.

నాకు వినపడలేదు.