చెంచాడు పాలు

సుగుణక్కా,

నెలలు నిండకుండా పుట్టిన బాబు ఇంకా ఉప్పల్ దవాఖానాలో అద్దాల పెట్టెలోనే ఉన్నాడు. పాలు తాగలేడని ఆహారంగా నరంలోకి ఎక్కించే కొవ్వు వాడి ఒంటికి పట్టక రక్తంలో పేరుకుపోయిందట. డాక్టరమ్మ దాన్ని తగ్గించి, నా పాలు గొట్టంతో కడుపులోకి పట్టాలంది. ఎంత పిండినా నాకు పాలు పడలేదు. మీ మరిది నాచారంలో డ్యూటీకి వెళ్ళాడు. వరండాలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

నర్సమ్మ వచ్చి, "గిట్ల ఏడ్సుకుంట కూసుంటె పాలెట్లొస్తయ్? లోపలికి రా, నీ కొడుకును సూసుకుంట పిండు" అంది.

వాడి కాలివేలు ముట్టుకున్నాను. చెంచాడు పాలు వచ్చాయి. రోజూ కాస్త కాస్త పెరిగాయి.

ఇవాళ రక్తంలో కొవ్వు దిగిందని చెప్పారు. ఆ సంతోషం చెప్పుకుందామని పక్కకు తిరిగాను. బెంచీ మీద ఎవరూ లేరు.

ఫోన్లో ఏడుపొస్తుందని రాస్తున్నాను. ఒక్కసారి వచ్చిపో అక్కా.

నీ చెల్లెలు