కోరస్‌లో స్వప్న గొంతు

2011 మే, ఆదివారం

సాయంత్రం మా అమ్మాయి స్వప్నతో ఎల్బీనగర్‌లో తెలంగాణ ఉద్యమ పాటల సభకు, ధూంధాంకు వెళ్లాను. తెలిసిన కళాకారులెవరూ రాలేదు. ఎన్నడూ పేరు వినని మూడు బృందాలు పాడాయి. వాటిలో పాలమూరు ఆడవాళ్ల బృందం నాకు బాగా నచ్చింది. ఎండల్లో ఊరూరా పాడి వాళ్లలో ఒకామె గొంతు పోయింది. కోరస్ పలచబడగానే, కింద కూర్చున్న స్వప్న అందుకుంది. అది అంత గట్టిగా పాడగా నేను ఇంట్లో ఎన్నడూ వినలేదు.

పాట అయ్యాక బృందం నడిపే లక్ష్మమ్మ మా దగ్గరికి వచ్చింది.

“అన్నా, బిడ్డను పది రోజులు మాతోని తోలియ్యి. నా బిడ్డలెక్క జూస్కుంట.”

“దానికి డిగ్రీ పరీక్షలున్నయక్కా,” అన్నాను.

“మొన్ననే అయిపోయినయి గద నాయినా!” అంది స్వప్న.

లక్ష్మమ్మ పకపకా నవ్వింది. “నీకు అబద్ధమాడుడు గూడ రాదన్నా.”

రేపు పొద్దున ఏడింటికి వాళ్ల వ్యాన్ దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఆగుతుందట. సభల దగ్గర తోపులాటలు, అరెస్టులు జరుగుతున్నాయి. నా భయమంతా అదే. స్వప్నకు చెప్పలేదు.

సరే అని కూడా ఇంకా చెప్పలేదు. అటక మీది బ్యాగు దించి చూస్తే పట్టీ తెగి ఉంది. రెండు వరసలు కుట్టాను. పది రోజులకు ఆగుతుందనుకుంటా.