గేరుబాక్సు బోల్టు మీద గీత

మెకానిక్ గారికి,

ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిల్ మార్చేశామన్నారు. మార్చలేదని నా అనుమానం. కారు మీకు అప్పగించే ముందు, ఆయిల్ దించే బోల్టు మీద నుంచి గేరుబాక్సు మీదకి మా ఆవిడ గోళ్లరంగుతో గీత గీశాను. అది చెక్కుచెదరలేదు. ఈ కారులో పాత ఆయిల్ తీయడానికి మరో దారి లేదు.

కంపెనీ చెప్పిన రకమే వెతికి తెచ్చిచ్చాను. "ఎంత ఖరీదైన బండైనా పాతికేళ్లయ్యాక ఏ ఆయిలైతే ఏంటి సార్, ఎర్రగా ఉంటే చాలు" అని నవ్వారు. గేరు మారినప్పుడల్లా కారు ఇంకా కుదుపుతూనే ఉంది.

ఆసుపత్రిలోనూ "అన్నీ చూశాం, నిశ్చింతగా తీసుకెళ్లండి సార్" అన్నారు. ఏం చూశారని అడగకుండా మా ఆవిడను ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు రోజులే బతికింది.

ఈ కారు ఆమెది. రేపు ఉదయం తెస్తాను. నా కళ్లముందే విప్పండి. మీరు విసుక్కున్నా సరే, ఈసారి ప్రతిదీ అడుగుతాను.