తిమ్మక్క లైను

2025 మార్చి 3, సోమవారం

ఎరువుల అంగట్లో ఇచ్చిన డైరీ. మొదటి పేజీలో పేరు, వృత్తి రాయమన్నారు. మునస్వామి, నీరుగంటి అని రాశాను. రెండో తరగతిలో బడి మానినవాడికి అంతే చాలు. బ్లడ్ గ్రూపు అని ఇంకో గీత ఉంది. నా రక్తంతో అంగడివాడికేం పని? కొట్టేశాను.

పుంగనూరు దగ్గర మా సంఘం బోరు. ఎవరి చేనికి ఎంతసేపు నీళ్ళు పారాలో ముప్పై ఏళ్ళుగా నేనే చూస్తున్నాను. పోయినేడు కంపెనీవాళ్ళు మోటారు గదిలో ఒక పెట్టె బిగించారు. అందులో ఫైలు. లైనుకొక రైతు: పేరు, టైము, నిమిషాలు. పెట్టె గంట కొడుతుంది, నేను కీతో వాల్వు తిప్పుతాను. ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పెట్టెల ఫైళ్ళన్నీ ఒకే తీరుగా మారుస్తారట. వాల్వులు వాటంతటవే తిరుగుతాయట. మరి నా కీ? మ్యూజియంలో పెడదాంలేప్పా అన్నాడు ప్రెసిడెంటు రెడ్డెప్ప. మీటింగు కాబట్టి బతికిపోయాడు.

మార్చి 4

కుప్పం నుంచి కంపెనీ తరఫున ఉషారాణి అనే అమ్మాయి ల్యాప్‌టాప్‌తో వచ్చింది. నలభై ఫైళ్ళు. మదనపల్లెవాళ్ళు పేరు ముందు కొట్టారు. మేము టైము ముందు కొట్టాం. కుప్పంవాళ్ళు మధ్యలో ఈక్వల్ గుర్తు పెట్టారు. ఎవరి ఇష్టం వాళ్ళది. అన్నీ చదవడానికి పైథాన్‌లో స్క్రిప్టు రాసింది. దాంట్లో రెజెక్స్ అని చీమలు పాకినట్టు ఒక వరస. ఇదేందమ్మా అంటే, జల్లెడ తాతా, ఏ లైన్లో యాడ పేరుండాదో, యాడ అంకెలుండాయో ఇదే పట్టుకుంటాది అంది.

ఇంతమంది రాత ఒక్క జల్లెడలో పడుతుందా! ఒక్క తప్పు లేకుండా చదివితే కీ నీ చేతిలో పెడతానమ్మా అన్నాను. అందరి ముందూ అన్నాను. మాట మీద ఉంటావా తాతా అంది. నా మీసం చూసి అడుగు అన్నాను.

మార్చి 5

తప్పులు సున్నా. ఆదివారం కీ ఇవ్వాలి. మీసం దురద పెడుతోంది.

మార్చి 6, ఉదయం ఆరు

మోటారు గది దగ్గర తిమ్మక్క నిలబడి ఉంది. పట్టుపురుగులు నాలుగోసారి పొర ఇడిసి జ్వరం లేచుండాయి, ఈ వారం ఆకు తక్కువైతే గూళ్ళు కట్టవు, నా మల్బరీకి నీళ్ళుండాయా లేవా మునస్వామన్నా అంది. ఉండాయిలే, పోమ్మా అన్నాను. ఆదివారం దాటితే అది అబద్ధం.

తిమ్మక్కకూ రెడ్డెప్పకూ గట్టు తగాదా. ఆమెను సంఘంలో చేర్చుకోనన్నాడు. పెట్టె బిగించిన రోజు ఫిట్టరు చేత నేను ఆమె లైను కూడా కొట్టించాను. రెడ్డెప్ప చూసి ఎగిరాడు. అప్పుడు ఫిట్టరు ఆ లైను ముందు # అని తొక్కుడుబిళ్ళ గీతల్లాంటి గుర్తు పెట్టాడు. ఇది పెడితే మిషను ఆ లైను చదవదప్పా, మనుషులు చదువుకోను మాత్రమే అన్నాడు. రెడ్డెప్ప చల్లబడ్డాడు.

నేను మనిషినే కదా. చదివాను. రోజూ గంట కొట్టకముందే ఆమె చేనికి పది నిమిషాలు తిప్పుతున్నాను.

కీ పోతే ఆ పది నిమిషాలూ పోతాయి. నోరు విప్పితే ఏడాదిగా దొంగనీళ్ళు పారించానని ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళలో ఒక్కడూ నన్ను వేలెత్తి చూపలేదు.

మార్చి 7

చెప్పేశాను. ఉషారాణికి మాత్రమే.

స్క్రిప్టులో మొదటి రూలే అదట: లైను మొదట్లో # ఉంటే దాటిపో. ఆ రూలు తిరగేసి, # ఉన్నవే ఏరి చూపించమంది. రెప్పపాటులో వచ్చాయి. పుంగనూరు వైపు ఒకటి. మదనపల్లె నాలుగు. కుప్పం ఆరు. మా కుప్పంలో పశువుల తొట్టి గూడా ఉండాది సూడు తాతా, మీ నీరుగంట్లంతా ఒకే బళ్ళో సదివినట్టుండారే అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కుప్పంవాళ్ళు ఆరా? నేను ఒక్కటేనా?

మార్చి 9, ఆదివారం

మూడు వైపుల సంఘాలూ కలిసిన మీటింగు. లేచి, స్క్రిప్టు పదకొండు లైన్లు వదిలేసింది, పందెం నాది అన్నాను. తిమ్మక్క సంగతీ చెప్పాను. దొంగనీళ్ళప్పా ఇవి, పదకొండూ పీకెయ్యమ్మా అని రెడ్డెప్ప అరిచాడు. సరే సార్, ఒక్కొక్కటే సదివి పీకేస్తా అంది ఉషారాణి. మొదటిది మదనపల్లె వైపు: మునెమ్మ, టమాటా, ఇరవై నిమిషాలు.

మునెమ్మ రెడ్డెప్ప చెల్లెలు.

రెడ్డెప్ప కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఎండాకాలం కదప్పా, ఆడోళ్ళ పైరు ఎండబెట్టేది యాల, ఉండనీలే అన్నాడు.

ఆ పదకొండు వాల్వులూ ఎక్కడి నీరుగంటి అక్కడ చేత్తోనే తిప్పాలని తీర్మానం. కీ నా దగ్గరే. బయటికొచ్చాక ఉషారాణి, స్క్రిప్టు మీరు రాసినట్టే సదివింది, తప్పు దానిది కాదు, ఒప్పుకో తాతా అంది.

ఒప్పుకోలేదు.

మార్చి 10

# పందెం ఆ అమ్మాయే గెలిచింది.