చెయ్యి మొలిచిన ప్లేటు

అక్కా,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వూ, బావా, లోపలినుంచి నిన్ను తన్నే ఆ చిన్నప్రాణమూ బాగుండాలి. చేతిరాత మారిందేమిటని ఈపాటికే కళ్ళు చికిలించుకుని చూస్తుంటావు, నాకు తెలుసు. కంగారుపడకు. చెబుతాను, కానీ నన్ను నా దారిలో చెప్పనివ్వు.

ముందు నువ్వడిగినవి. వేళకి తింటున్నాను. మా ల్యాబు పెద్దసారు ఇంకా అలాగే అరుస్తున్నారు, ఆయన అరవకపోతే మాకే పని తోచదు. అమ్మ ఉంగరం వేలికే ఉందా అన్నావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. నీళ్ళు నములుతున్నానని తిట్టుకో, ఫరవాలేదు.

ప్రసవానికి రమ్మని రాశావు. "అమ్మ ఎలాగూ లేదు, బిడ్డను మొదట ఎత్తుకునేది నువ్వే" అన్నావు. నెలలు నిండకుండానే కానుపు కావచ్చని డాక్టరమ్మ అన్నదనీ రాశావు. అది చదివినప్పటినుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

ఎందుకో విను. మా ఆసుపత్రిలో నెలలు నిండని పసికందులు ముగ్గురికి వరసగా జ్వరమొచ్చింది. వాళ్ళ రక్తం మా దగ్గరికొచ్చింది. అందులోని సూక్ష్మజీవిని జెల్లీ పోసిన ప్లేటు మీద పెంచి, మధ్యలో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళ పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని ఖాళీ మిగులుతుంది. ఈసారి ఖాళీ లేదు. అది పాకి పాకి వచ్చి, బిళ్ళను ఆనుకుని కూర్చుంది.

మందు నకిలీదేమో అనుకున్నాం. "మందు మంచిదేనమ్మాయ్. ఇది దాన్ని ముక్కలు కూడా చెయ్యలేదు. ముట్టుకుంది, అంతే," అన్నారు పెద్దసారు. మొదటిసారి ఆయన అరవకుండా మాట్లాడటం చూశాను. ఆ జీవి దగ్గర ఒక ఎంజైము ఉంది. అది తన శక్తి నిల్వలోంచి చిన్న ఫాస్ఫేటు ముక్క తీసి, లోపలికొచ్చిన మందుకు అంటిస్తుంది. తాళంచెవి పళ్ళకి మైనం అంటుకున్నట్టన్నమాట. చెవి అదే, తాళంలోకి మాత్రం దూరదు.

ఒళ్ళు జలదరించే సంగతి ఇంకోటుంది. అలా ఫాస్ఫేటు అంటించే ఎంజైములు మనలోనూ ఉన్నాయి. ఇప్పుడు నీ కడుపులో అవే ఒక కణాన్ని తట్టి లేపుతున్నాయి, ఇంకోదాన్ని రెండుగా చీలమంటున్నాయి. అక్కడ బిడ్డను పెంచే పనీ, ఇక్కడ మందును చేతకానిదాన్ని చేసే పనీ ఒకటే. అది తెలిశాక ప్లేట్లు పెట్టే వెచ్చటి గదిలోకి ఒంటరిగా వెళ్ళాలంటే భయమేసేది. మూతల కింద చప్పుడు లేకుండా పెరుగుతూ నన్నే చూస్తున్నట్టుండేది. నవ్వకు.

ఇద్దరు పిల్లలు వేరే మందుతో తేరుకున్నారు. మూడోది, ఆడపిల్ల, దక్కలేదు.

ఆ జీవి ఎక్కడ కాపురముందో అని కుళాయిలు, సింకులు, నర్సమ్మల స్టెతస్కోపులు, అన్నీ గాలించాం. ఎక్కడా లేదు. మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. నెలకోసారి అందరం చేతులు కడుక్కుని పెద్ద ప్లేటు మీద అరచెయ్యి ఒత్తాలి. ఈసారి సారు ఆ జెల్లీలో ఆ మందే కలిపారు. మర్నాడు మూతలు తీస్తే అందరివీ ఖాళీ. ఒక్కదాంట్లో మాత్రం చెయ్యి మొలిచి ఉంది. ఐదు వేళ్ళూ, అరచేతి గీతలూ, నాలుగో వేలి మొదట్లో చిక్కగా ఒక ఉంగరం.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనక్కా. ఆ పసివాళ్ళ దగ్గర నమూనాలు తీసింది నేనే. గ్లౌజు వేసుకునేదాన్ని. ఉంగరం రాయి అంచుకు అది చిరుగుతున్నట్టు నాకు తెలియలేదు. ల్యాబులో ఉంగరాలు పెట్టుకోవద్దని కొత్తవాళ్ళకి చెప్పేదాన్నీ నేనే! అమ్మది కదా, దానికేం దోషం ఉంటుందిలే అనుకున్నాను, పిచ్చిదాన్ని. "నీనుంచి వాళ్ళకి పోయిందో, వాళ్ళనుంచి నీకొచ్చిందో ఎవరూ చెప్పలేరమ్మాయ్," అంటారు సారు. ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు.

ఉంగరం కణుపు దాటి రాకపోతే కోయించేశాను. క్షమించు. తోలు ఊడేలా కడిగాను, వాళ్ళిచ్చిన మందులన్నీ రాశాను. నాకు జ్వరం లేదు, నొప్పి లేదు. ఆ జీవి నాతో చాలా మంచిగా ఉంది. నిన్న మళ్ళీ చెయ్యి ఒత్తాను. ఇవాళ మూత తీశాం. లేని ఉంగరం కూడా మొలిచింది.

కాబట్టి నేను రావడం లేదు. బావ వాళ్ళమ్మగారిని పిలిపించుకో, నామోషీ పడకు. నా ప్లేటు ఖాళీగా వచ్చిన రోజున ఉత్తరం రాయను, నేనే వచ్చేస్తాను. అందాకా బిడ్డను నా బదులు నువ్వే రెండుసార్లు ఎత్తుకో.

ఇక చేతిరాత సంగతి. ఈ కాగితాన్ని నేను తాకలేదు. నేను గోడ దగ్గర నిలబడి చెబుతుంటే, నా పక్క బల్ల దగ్గర పనిచేసే పొడుగమ్మాయి రాస్తోంది.

(అక్కగారూ, ఆ పొడుగమ్మాయిని నేనే. కాగితానికేం కాదు, నువ్వే రాసుకోవే అంటే వినలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. కళ్ళు కూడా తుడుచుకోవడం లేదు.)

ఇట్లు,
దూరంగానే ఉండే
నీ చెల్లి, నీ బిడ్డకు పిన్ని