రిజెక్ట్ ఎక్కడుంది?

ఫిబ్రవరి 14, 2023
నానీ ముఖం చూడలేకపోయాను. హుజూర్‌నగర్‌లో బస్సు దిగేసరికి ఖబరస్తాన్‌కు తీసుకెళ్లిపోయారు. వాకిట్లో చెప్పుల గుట్ట మాత్రం ఉంది. అమ్మకన్నా ముందు నన్ను ఎత్తుకున్న అమ్మమ్మ, నా నానీ.

సీరియస్‌గా ఉందని ఫోన్ వచ్చిన రోజే లీవ్ పెట్టాను. మా హెచ్‌ఆర్ మేనేజర్ రఘుపతి రిజెక్ట్ కొట్టాడు. ముసలోళ్లకు సీరియస్ అయితది, మల్ల లేస్తరు అన్నాడట.

ఫిబ్రవరి 20
జడ్చర్ల. మందుల ఫ్యాక్టరీ, ఐటీ గది, నా కుర్చీ. చాయ్ దగ్గర రఘుపతి కనిపించి, అంతా మంచిగేనా నిషాత్ అని అడిగాడు. అతనికి గుర్తే లేదు.

మార్చి 3
మా ఐటీ హెడ్ నాగేందర్ సార్ పిలిచారు. లీవ్ యాప్ కొత్తగా చెయ్యాలె, మేనేజర్లకు జర అల్కగా ఉండాలె, తిప్పల ఉండొద్దు అన్నారు. మెనూలన్నీ నేనే డిజైన్ చేయాలి.

సరే సార్ అన్నాను. నవ్వాను కూడా.

మార్చి 20, మధ్యాహ్నం
ఏది ఎక్కువగా వాడాలో అది బొటనవేలికి అందాలి. అక్కడ అప్రూవ్ పెట్టాను. పచ్చగా, వెడల్పుగా.

రిజెక్ట్ కావాలంటే "ఇతరములు"లోకి పోవాలి. అక్కణ్నుంచి "మరిన్ని". అందులో అన్నిటికన్నా కింద "దరఖాస్తు స్థితి మార్పు". అది నొక్కితే కారణం టైప్ చేయమంటుంది. తర్వాత ఓటీపీ.

ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ పని చేయలేదు.

ఏప్రిల్ 4
డెమో. రఘుపతి అప్రూవ్ నొక్కి చూసి, మస్తుంది అన్నాడు. రిజెక్ట్ ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 17
ఈరోజు రఘుపతి అడిగాడు, ఫోన్‌లో. మర్యాదగా దారి చెప్పాను. ఇతరములు సార్. కిందికి రండి సార్. ఇంకా కిందికి. మధ్యలో ఎవరో పిలిచారు, స్క్రీన్ మొదటికొచ్చింది. ఛల్, పోనీ తియ్ అని అప్రూవ్ నొక్కేశాడు.

ప్యాకింగ్‌లో పనిచేసే గోపమ్మకు అలా కూతురి కాన్పుకు లీవ్ దొరికింది. నాకు అన్నం రుచిగా అనిపించింది. చాలా రోజులకు.

జులై 12
ప్యాకింగ్ వాళ్లంతా కలిసి రఘుపతికి శాలువా కప్పారు. సార్ దేవుడసుంటోడు, అడిగినోళ్లకు లేదనడు అని గోపమ్మ మైకులో అంది. రఘుపతి కళ్లు తుడుచుకున్నాడు. నా సర్వీసుల ఎవ్వరికీ లీవ్ లేదనలే అన్నాడు. అబద్ధం చెప్తున్న ముఖం కాదు. నిజంగానే నమ్ముతున్నాడు.

నేనూ చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేదాకా. ఆ శాలువా వాళ్లు కప్పలేదు. నేను కప్పాను.

జులై 13, ఉదయం
క్యాబిన్‌కు వెళ్లి చెప్పేశాను. మా నానీ పోయేముందు మీరు లీవ్ రిజెక్ట్ చేశారు సార్ అని. నేనా అన్నాడు. నేను గట్ల చెయ్యనే, సిస్టమ్ తప్పయి ఉంటది, ఇప్పుడు పెట్టుకో ఇస్త అన్నాడు.

ఇప్పుడు.

అదే రోజు, సాయంత్రం
రిజెక్ట్‌ను ముందుకు తెచ్చాను. అప్రూవ్ పక్కనే, అంతే సైజు. చూద్దాం ఈ దేవుణ్ని.

జులై 18
చూశాను. గోపమ్మ మనుమణ్ని మహబూబ్‌నగర్‌లో దవాఖానలో చేర్చారు. లీవ్ పెట్టింది. రిజెక్ట్. ఒక్క నొక్కు.

వచ్చి నా పక్కన నిలబడింది. సారుకు నామీద ఏమన్న కోపమొచ్చిందా బిడ్డా, శాలువా మంచిగ లేదా అని అడిగింది. కూతురికి తీసుకెళ్దామని కట్టిన టిఫిన్ డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. అతని గుట్టు అందరికీ తెలియాలనే కదా రిజెక్ట్‌ను ముందుకు తెచ్చాను. ఆమె ముఖం చూడలేకపోయాను.

జులై 19
రిజెక్ట్ తీసేశాను. మెనూలో ఎక్కడా లేదు. గంటలోపు ఏదీ నొక్కకపోతే లీవ్ దానంతటదే మంజూరు. ఎవరినీ అడగలేదు. గోపమ్మ చేత మళ్లీ లీవ్ పెట్టించాను. గంటకు బస్సెక్కింది.

రఘుపతి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మోగనీ.