పైకి ఎక్కేముందు తాడు లాగాలి

మింగళ తౌంగ్‌న్యున్, రంగూన్.

ట్వంటేలో మా అన్నయ్యకు, చెల్లెలు నర్సమ్మ దండం పెట్టి రాసుకునే సంగతులు.

నువ్వూ, వదినా, పిల్లలూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. వదినకు నెలలు నిండుతున్నాయి కదా, బిందె ఎత్తనివ్వకు, పడవ ఎక్కనివ్వకు. ఇక్కడ నేను బాగున్నాను, పిన్ని బాగుంది. ఈ వానలకు పిన్ని మోకాళ్లు పట్టేస్తున్నాయి గానీ నోటికి మాత్రం ఏ నొప్పీ రాలేదు. రేడియోలో ఏమేమో విని కంగారు పడుతుంటారు, పడకండి. మేం బాగానే ఉన్నాం. పోస్టాఫీసు తలుపులు మూసి చాలా రోజులైంది, అందుకని ఈ ఉత్తరం కుండల పడవ సరంగు చేతికి ఇస్తున్నాను. తడవకుండా నూనె కాగితంలో చుట్టాను.

అన్నయ్యా, ముందు మంచి వార్త చెప్పేస్తాను, నాకు ఆగడం లేదు. మేం గెలిచాం! ఈ సర్కారు దిగిపోవాలని, ఆ పెద్ద గెలుపు కోసం ఊరంతా జెండాలు పట్టుకుని తిరుగుతోంది, అది ఎప్పటికవుతుందో దేవుడికెరుక. నేను చెప్పేది మా వీధి గెలుపు. ఇకమీద మా వీధిలో ఎవరి ఇంట్లోకీ ఎవరూ చెప్పాపెట్టకుండా జొరబడడానికి లేదు. అలాగని చట్టం రాసుకున్నాం. అందులో ఒక ముక్క నాది. నవ్వకు, నిజంగానే నాది.

ఇది అర్థం కావాలంటే ఇన్నాళ్లూ నీకు రాయని సంగతొకటి చెప్పాలి. బాబాయి పోయాక పిన్నికి తోడుగా వచ్చి రెండేళ్లయింది కదా. ప్రతి ఉత్తరంలోనూ అంతా బాగుందని రాశాను. బాగాలేదు. మనకున్నది పరదేశి కార్డు. ఆ కార్డు చూసి వార్డు ఆఫీసువాళ్లు పిన్ని ఇంటి చిట్టాలో నా పేరు ఎక్కించలేదు. చిట్టాలో లేని మనిషి ఇంట్లో పడుకుంటే ఆ మనిషినీ లోపలేస్తారు, చోటిచ్చిన వాళ్లనూ లోపలేస్తారు. నువ్వు వింటే మర్నాడే పడవెక్కి వచ్చి నన్ను లాక్కుపోతావు, పిన్ని ఒంటరిదైపోతుంది. అందుకే రాయలేదు.

వారానికోసారి ఆఫీసు మనిషి ఇద్దరు పోలీసుల్ని వెంటేసుకుని వచ్చేవాడు. "ముసలమ్మ ఒక్కతే ఉంటోంది, క్షేమం చూద్దామని వచ్చాం" అనేవాడు. క్షేమం చూసే మనిషికి మంచం కింద ఏం పని? బూట్లతో దేవుడి మూల దాకా ఏం పని? మెట్ల మీద ఆ బూట్లు వినబడగానే నేను వెనక తలుపు దాటి, ఇనుప మెట్ల మీద నీళ్ల డబ్బాల చాటున కూర్చునేదాన్ని. ఒకసారి తడి కంచాలు రెండు చూసి, రెండోది ఎవరిదని పట్టుకున్నారట. పిన్ని తడుముకుంటుందా?

"మా ఆయనదే బాబూ. పోయినా రోజూ ఒడ్డిత్తాను. రండి, మీరూ కూకోండి, ఆయన పక్కన మీకూ ఒడ్డిత్తాను" అందట.

మళ్లీ కంచాల జోలికి రాలేదు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ మెట్ల మీద ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు. ఇరవయ్యారేళ్ల దాన్ని, ఎవరి సొమ్ము దొంగిలించానని దాక్కోవాలి?

అలాంటి ఆఫీసుకు ఈ గొడవల్లో తాళం పడింది. జనం వీధుల్లోకి రాగానే ఆఫీసు మనిషి గొడుగు కూడా మరిచిపోయి పారిపోయాడు. పోలీసులు కనబడడం మానేశారు. మా వీధివాళ్లే కూడి, రెండు చివరలా వెదురు తడకలు కట్టి, కాపలాలు వేసుకుని, ఊ సాన్ గారిని పెద్దగా పెట్టుకున్నారు. ఆయన హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి, మాట నెమ్మది. కాపలావాళ్లకు నాయకుడు కో ట్వే, రైల్వే వర్క్‌షాపులో పని, మనిషి మంచివాడే గానీ చేతిలో ఇనప కడ్డీ ఉంటే చెవులు పనిచెయ్యవు.

అప్పుడే ఊళ్లో పుకార్లు. నీళ్లలో విషం కలుపుతున్నారని, ఇళ్లలో దొంగలు దూరి దాక్కున్నారని. మఠం సావిట్లో వీధి వీధంతా సమావేశం పెట్టారు. కో ట్వే లేచి, "రోజూ రెండుసార్లు ప్రతి ఇంట్లోకీ వెళ్లి చూస్తాం. అందరూ క్షేమంగా ఉన్నారో లేదో, కొత్తవాళ్లెవరైనా ఉన్నారో, లెక్క రాసుకుంటాం" అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. పాత బూట్లు పోయి కొత్త చెప్పులు వస్తున్నాయి, అంతే కదా!

నా నోరు సంగతి నీకు తెలుసు. ఆడవాళ్లలో వెనక కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. పిన్ని నా లుంగీ అంచు పట్టుకుని, "కూకోయే! నీకేటి పని?" అని కిందికి గుంజుతోంది. నేను కూర్చోలేదు.

"పాత ఆఫీసువాళ్లూ ఈ మాటే చెప్పి వచ్చేవారు. క్షేమం అడగాలంటే కిందనుంచి అడగొచ్చు. ప్రతి మేడకూ తాడు ఉంది కదా?" అన్నాను.

నీకు గుర్తుండకపోవచ్చు, ఇక్కడ మేడల వరండాల నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి. కింద చివర ఒక క్లిప్పు, పైన గంట. పేపరువాడు, కూరలవాడు కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది, క్లిప్పుకు సరుకు తగిలిస్తే పైకి లాక్కుంటాం. మూడంతస్తులు ఎక్కిదిగే పని లేదు.

నా మాట విని ఊ సాన్ గారు కళ్లజోడు సర్దుకుని, "అమ్మాయీ, నువ్వు ఏ ఇంటి మనిషివి?" అన్నారు.

అయిపోయింది అనుకున్నాను అన్నయ్యా. రెండేళ్లు దాచినదాన్ని నా నోటితో నేనే బయటపెట్టుకున్నాను. పిన్ని నా లుంగీ గుంజడం ఆపేసింది. అప్పుడు మా కింది వాటాలో చేపల పులుసుతో మొహింగా వండి అమ్మే డా మ్య లేచింది.

"మా పైవాటా పిల్ల. రెండేళ్లుగా ఉంటోంది. మెట్ల మీద అది ఏడుస్తుంటే చప్పుడు వినబడకూడదని నేను కుండలు గట్టిగా కడిగేదాన్ని" అంది.

వెంటనే ఇంకొకావిడ, తనకూ తెలుసంది. పక్కమేడ కుట్టుపనాయన, తనకూ తెలుసన్నాడు. వీధి వీధంతా తెలుసట! దాక్కున్నాననుకున్నది నేనొక్కదాన్నే. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి.

ఆ సాయంత్రమే ఊ సాన్ గారు అట్టముక్క మీద చట్టం రాయించారు. క్షేమం చూడాలంటే పగటిపూట, కిందనుంచి తాడు లాగాలి. పైవాళ్లు తాడు కదిపితే ఆ ఇల్లు క్షేమమే, వెళ్లిపోవాలి. మూడుసార్లకూ కదలకపోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు చెప్పులు విడిచి లోపలికి వెళ్లి చూడాలి, మగవాళ్లు మెట్ల కిందే ఆగాలి. ఇంట్లో ఎవరున్నారని అడగకూడదు. కో ట్వే మొహం మాడ్చుకున్నాడు గానీ వేలిముద్ర పెట్టాడు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. మర్నాడు శ్రావణ శనివారం. పిన్ని సంగతి నీకు తెలుసు కదా, తడిబట్టతో పిండి దీపం పెట్టి, అది కొండెక్కేదాకా పెదవి విప్పదు, ఒకరు ముట్టుకున్నది ముట్టుకోదు. వీధంతా పట్టుకుని లాగే తాడు ముట్టుకుంటుందా? ఆ ముక్క చట్టంలో రాయించడం నాకు తట్టలేదు. నేను వీధి చివర నీళ్ల కోసం వరసలో నిలబడ్డాను. డా మ్య పరుగెత్తుకొచ్చి, "మీ తాడు మూడుసార్లు లాగారు, ఉలుకూ పలుకూ లేదు, కో ట్వే కడ్డీ పట్టుకుని మెట్లెక్కుతున్నాడు" అంది.

డబ్బాలు అక్కడే వదిలేసి పరుగు. అతను మొదటి మలుపు దగ్గరున్నాడు. పక్కనుంచి దూరి ముందుకెళ్లి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాను.

"దిగు! నీ వేలిముద్ర ఆరకముందే మరిచిపోయావా?" అన్నాను.

"లోపల పడిపోయి ఉంటే? చచ్చిపోతే ఎవరిది పాపం?" అని అరిచాడు. అతని కళ్లలో నిజంగానే భయం ఉంది, అబద్ధం చెప్పను.

వెనకనుంచి ఊ సాన్ గారు వచ్చారు. అరవలేదు. "రాసిన మర్నాడే మనమే తప్పితే, పాతవాళ్లు పోయి ఏం లాభం? దిగు బాబూ. ఆడవాళ్లు వెళ్తారు" అన్నారు.

కో ట్వే అందరి ముందూ దిగాడు. కడ్డీ గోడకు ఆనించి, తల వంచుకుని మెట్ల కింద నిలబడ్డాడు. అన్నయ్యా, ఆయుధం పట్టుకున్న మగవాడు ఒక ఇంటి మెట్లెక్కి, రాసిన మాటకు కట్టుబడి వెనక్కి దిగడం నా జన్మలో అదే మొదటిసారి చూడడం. డా మ్య, కుట్టుపనాయన భార్య చెప్పులు విడిచి వెళ్లారు. చిటికెలో తిరిగొచ్చారు.

"బతికే ఉంది. నన్ను చూసిన చూపుకు నేనే పోయేదాన్ని" అంది డా మ్య. మెట్ల కింద ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది కో ట్వే.

దీపం కొండెక్కాక పిన్ని కిందికి దిగి, "నాకేటయిందని ఇంత మంది పోగయినారు? ఇంట్లో ఏటి, పెళ్లి జరగతందా?" అని అందరినీ కలిపి తిట్టి పోసింది. ఆ రోజే చట్టానికి ఇంకో ముక్క కలిపాం. మొక్కున్నవాళ్లు తాడు చివర పసుపు గుడ్డ కట్టాలని. డా మ్యకు ఏ మొక్కూ లేకపోయినా మధ్యాహ్నం కునుకు తీసేముందు కడుతోంది.

అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది. వీధిలోవాళ్లకు బియ్యం పంచుతున్నారు. మా వంతు రాగానే ఊ సాన్ గారు తలెత్తకుండా, "ఎంతమందికి?" అన్నారు. రెండేళ్ల అలవాటు, నోట్లోంచి "ఒక్కరికి" అని రాబోయింది. మింగేశాను. "ఇద్దరికి. పిన్నికీ, నాకూ" అన్నాను. "ఇద్దరికి" అని కొలిపించి పక్కింటివాళ్లను పిలిచారు. అంతే! ఎవరూ చిట్టా అడగలేదు, కార్డు అడగలేదు. మూట నెత్తిన పెట్టుకుని ముందు మెట్ల మీదుగా ఎక్కాను. బరువే తెలియలేదు.

రేపు పైన ఎవరు కూర్చుంటారో, ఈ అట్టముక్కను ఉంచుతారో చింపుతారో నాకు తెలియదు. పిన్ని, "సింపితే మల్లీ రాత్తాం, అట్టముక్కలు కరువా?" అంటోంది. నేనూ అదే అంటున్నాను.

వీలైతే కాస్త చింతపండు, ఎండు రొయ్యలు పంపు, ఇక్కడ దొరకడం లేదు. వదినకు పురుడు వచ్చిన కబురు వెంటనే పంపు. ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు చెప్పు, నన్ను దీవించమను. పిల్లలకు ముద్దులు.

ఒక్క మాట. ఇన్నాళ్లూ మన ఊరినుంచి ఎవరొచ్చినా వీధిలో నా పేరు ఎత్తొద్దని, పిన్ని ఇల్లెక్కడని మాత్రమే అడగమని వాళ్లకు చెప్పమని, ఎందుకో చెప్పకుండా నీకు రాసేదాన్ని. ఈసారి సరంగుకు అలా చెప్పకు. వీధి మధ్యలో నిలబడి, నా పేరు పెట్టి, నాలుగు వీధులకు వినబడేలా పిలవమను. వరండాలోకి వచ్చి నేనే పలుకుతాను.

నీ దీవెన కోరే చెల్లెలు,
అప్పలనర్సమ్మ